కొండ సరస్సు, పక్కనే ఏరు: వేళ చూసుకుని నీళ్లలోకి దిగే పద్ధతి

కొండ సరస్సు పొద్దున ఆరింటికి అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి అదే సరస్సు మీద తెల్లటి నురగ తలలతో అలలు పరుగెడుతుంటాయి. పొద్దున పిక్కల దాకా ఉన్న ఏరు సాయంత్రానికి తొడలను తాకుతుంది. చోటు అదే, మారింది వేళ. పడవ నడపడం, ఈదడం, ఏరు దాటడం, గాలం వేయడం, ఇక్కడ చేసే ప్రతి పనికీ తగిన వేళ ఒకటి ఉంటుంది. ఆ వేళే ఎందుకు తగినదో తెలిస్తే మిగతా జాగ్రత్తల్లో సగం వాటంతట అవే తడతాయి.

గాలి వేళలు, నీటి వేళలు

ఎండ ఎక్కేకొద్దీ కొండ వాలులు వేడెక్కుతాయి. వాటిని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి లోయ దిగువ నుంచి గాలి ఎక్కి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఇది దాదాపు గడియారం పెట్టినట్టు సాగుతుంది: పది, పదకొండు ప్రాంతంలో మొదలై, మధ్యాహ్నం బాగా ముదిరి, పొద్దుగూకాక సద్దుమణుగుతుంది. రాత్రికి దిశ మారి చల్లగాలి కొండ మీంచి లోయలోకి జారుతుంది. సరస్సు మీద చెట్టూ గట్టూ అడ్డం ఉండవు కనుక గాలికి అదే రాచబాట.

అల ఎత్తు గాలి వేగం మీదే కాదు, ఆ గాలి నీటి మీద ఎంత దూరం పరుగెత్తిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. గాలి వచ్చే వైపు ఒడ్డున నిలబడి చూస్తే నీటి మీద సన్నటి ముడతలే కనిపిస్తాయి. రెండు మూడు కిలోమీటర్ల అవతల అవే ముడతలు చిన్న పడవను తిరగేసేంత అలలవుతాయి. బయలుదేరే ఒడ్డు ప్రశాంతంగా ఉంది కాబట్టి సరస్సంతా అలాగే ఉంటుందనుకోవడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు.

కాబట్టి తెల్లవారగానే నీటి మీద ఉండాలి, పదకొండింటికల్లా ఒడ్డు చేరాలి. వెళ్లే దిక్కును కూడా గాలిని బట్టే ఎంచుకోవాలి. పగటి గాలి ఎటు నుంచి వస్తుందో, అంటే లోయ దిగువ వైపుకు, ముందు వెళ్లండి. తిరుగు ప్రయాణంలో గాలి లేచినా అది వీపు మీద చేయి వేసి నెట్టినట్టు ఇంటిదారి పట్టిస్తుంది. దీనికి ఎదురుగా చేస్తే, అలసిపోయిన చేతులతో ఎదురుగాలిలో తెడ్డు వేయాల్సి వస్తుంది. ప్రశాంతమైన నీటిలో కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు పోతుంది. గట్టి ఎదురుగాలిలో అందులో సగం కూడా పోదు. సరస్సు నడిమధ్య నుంచి అడ్డంగా కోయకుండా, ఒడ్డుకు 30 నుంచి 50 మీటర్ల దూరంలో ఒడ్డు వెంబడే సాగితే ఏ క్షణంలోనైనా దిగిపోవచ్చు.

గాలిని కొలిచే పరికరం లేకపోయినా నీరే చెబుతుంది. అక్కడక్కడ అలల తలలు తెల్లబడటం మొదలైందంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు. ఎటు చూసినా తెల్లతలలే కనిపిస్తుంటే 20 దాటింది. కొత్తగా కయాక్ నడిపేవారు మొదటి తెల్లతల కనబడగానే వెనక్కి తిరగాలి. ప్యాడిల్ బోర్డు (నిలబడి తెడ్డు వేసే తేలే పలక) మీద ఉండేవారు అంతకన్నా ముందే తిరగాలి, ఎందుకంటే నిలబడ్డ మనిషి ఒళ్లే తెరచాప. గాలి దారి తప్పిస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును కిందికి పట్టుకుని వేయండి.

ఇక ఏరు. సరస్సులోకి వచ్చే ఏరు, సరస్సు నుంచి బయటికి వెళ్లే ఏరు పేరుకు ఒక్కటే కావచ్చు గానీ స్వభావంలో రెండూ వేరు. లోపలికి వచ్చేది మంచు కరిగిన నీరు. అది పగలు కరిగి, తెల్లవారుజాముకు తగ్గి, మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది. మంచుకు దగ్గరగా ఉంటే సాయంత్రానికే పూర్తిగా ఎక్కుతుంది. దూరంగా ఉంటే ఆ పోటు రాత్రికి గానీ చేరదు. చల్లగా ఉంటుంది, తరచు పిండి కలిపినట్టు మసకగానూ ఉంటుంది. బయటికి వెళ్లే ఏరు మాత్రం సరస్సు పైపొర నుంచి వస్తుంది కాబట్టి వేసవిలో కొంత వెచ్చగా, తేటగా, రోజంతా ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. పెద్ద వాన పడితే అది ఆలస్యంగా ఎక్కి, ఆలస్యంగా దిగుతుంది. నిన్నటి వాన తాలూకు నీరు ఇవాళ ఎండలో వస్తుందన్నమాట. నీళ్లలో ఆడుకోవడానికి రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే బయటికి వెళ్లే ఏరునే ఎంచుకోవాలి, అయితే సరస్సు మూతికి దగ్గర్లో కాదు. అక్కడ నీరు కదలనట్టే కనిపిస్తూ పడవను మెల్లగా లాగుతుంది. ఒడ్డు మీది చెట్టును గుర్తు పెట్టుకుని, తెడ్డు వేయకుండా ఒక నిమిషం ఆగి చూడండి. ఆ చెట్టు వెనక్కి పోతుంటే మీరు లాగుడులో ఉన్నట్టు.

ఏ ఏటి దగ్గరికి వెళ్లినా ముందు నీటి అంచున ఒక పుల్ల పాతండి, లేదా ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. పదిహేను ఇరవై నిమిషాలకోసారి చూస్తూ ఉండాలి. మట్టం పెరగడం, నీరు ఉన్నట్టుండి బురదరంగు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, వినిపించినా వెంటనే గట్టెక్కాలి. ఎగువన ఎక్కడో వాన పడుతున్నట్టు లెక్క. ఉన్నట్టుండి నీరు తగ్గిపోయినా అనుమానించాల్సిందే. ఎగువన చెట్లూ మట్టీ అడ్డుపడి నీరు ఆగి ఉండవచ్చు; ఆ అడ్డు తెగితే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఎగువన ఆనకట్ట ఉంటే వాతావరణంతో పనిలేకుండానే నీరు వదులుతారు. సైరన్ మోగిందంటే సామాన్ల కోసం చూడకుండా పైకి నడవండి.

చలినీరు ఏం చేస్తుంది

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందుకే లోతైన కొండ సరస్సులో వేసవిలో కూడా అడుగున చల్లటి నీరే నిలిచి ఉంటుంది. ఎండకు కాగిన వెచ్చటి పొర పైన కొన్ని మీటర్లే. చేయి ముంచి వెచ్చగా ఉందనుకుని దూకితే కాళ్లు మరో రుతువులోకి దిగినట్టుంటుంది. ఒక దారానికి రాయి, థర్మామీటరు కట్టి పైన ఒకసారి, రెండు మీటర్ల లోతున ఒకసారి కొలవండి. తాడు దించి ఒక నిమిషం ఉంచి, చటుక్కున లాగి చదవాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రోజంతా ఒకే వైపు నుంచి గాలి వీస్తే పై వెచ్చటి పొర మొత్తం అవతలి ఒడ్డుకు చేరుతుంది. గాలి వచ్చే వైపు ఒడ్డున దాని స్థానంలోకి అడుగు చలినీరు పైకి వస్తుంది. నిన్న హాయిగా ఈదిన రేవు ఇవాళ వణికించడానికి కారణం ఇదే. అందుకని ఈతకు ముందు ప్రతిసారీ కొలవాలి. నిన్నటి అంకె ఇవాళ పనికిరాదు.

15 డిగ్రీల కన్నా చల్లటి నీటిలో ఒంటికి ఏమవుతుందో గుర్తుంచుకోవడానికి 1-10-1 అనే లెక్క ఉంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మొదటి 1 నిమిషం ఊపిరిది: చలి తగలగానే మన ప్రమేయం లేకుండానే పెద్దగా ఎగశ్వాస పడుతుంది, ఆ తర్వాత ఆయాసంతో రొప్పు. ఆ ఎగశ్వాస వేళకి నోరు నీటిలో ఉంటే ఎంత ఈతగాడైనా మునుగుతాడు. తర్వాతి 10 నిమిషాలు చేతులవి: వేళ్లు, చేతులు, కాళ్లు పట్టు తప్పకముందు చేయాల్సిన పనులన్నీ ఈలోపే చేసుకోవాలి, ఆ తర్వాత కొంకర్లు పోతాయి. చివరి 1, గంట: గడ్డకట్టేంత చల్లటి నీటిలోనైనా ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. అంటే చలికి స్పృహ తప్పడం కన్నా చాలా ముందే ఊపిరి అదుపు తప్పో, చేతులు ఆడకో మనిషి మునిగిపోతాడు. లైఫ్ జాకెట్ ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది: అది మొదటి నిమిషంలో నోటిని నీటి పైన ఉంచుతుంది, పది నిమిషాల తర్వాత చేతుల పని తాను చేస్తుంది.

ఈదాలనుకుంటే దూకవద్దు, నడిచి దిగండి. మొలలోతులో ఆగి ముఖం మీద, మెడ వెనక నీళ్లు చల్లుకోండి. ఊపిరి మామూలు లయకు వచ్చేదాకా, ఒకటి రెండు నిమిషాలు, అక్కడే ఉండండి. మాట తడబడకుండా ఒక పూర్తి వాక్యం పలకగలిగితే ముందుకు వెళ్లవచ్చు. కాళ్లు అందే లోతులో, ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. నడుముకు కట్టుకునే ముదురు నారింజ రంగు తేలుడు సంచి ఉంటే పడవలవాళ్లకు దూరం నుంచే కనిపిస్తారు. 12 నుంచి 15 డిగ్రీల నీటిలో అలవాటు లేనివారికి మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. "ఇంకాసేపు ఉండగలను" అనిపించినప్పుడే బయటికి రావాలి. వణుకు పుట్టాక రావాలనుకుంటే ఆలస్యమైనట్టే.

బయటికి వచ్చాక కూడా పది పదిహేను నిమిషాల పాటు లోపలి వేడి పడిపోతూనే ఉంటుంది. ఒడ్డున నవ్వుతూ మాట్లాడిన మనిషి కాసేపటికి వణకడం అందుకే. తడి బట్టలు తీసేసి, తుడుచుకుని, ముందు పైభాగానికి పొడి బట్టలు, తలకు టోపీ, తర్వాత కాళ్లకు. బట్టలను దిగేముందే వేసుకునే వరుసలో పేర్చి పెట్టుకోండి, కొంకర్లు పోయిన వేళ్లతో బొత్తాలు పడవు. వెచ్చటి తీపి పానీయం మెల్లగా తాగండి. వెంటనే వేడినీళ్ల స్నానం వద్దు: చర్మపు రక్తనాళాలు ఒక్కసారిగా వెడల్పై రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. వణుకు పూర్తిగా తగ్గేదాకా వాహనం నడపకూడదు. ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతున్నా, తడబడుతూ నడుస్తున్నా, వణుకు ఆగిపోయి మగతగా ఉన్నా అది ప్రాణాపాయం. చేతులు కాళ్లు రుద్దకండి, నడిపించకండి. పడుకోబెట్టి, నేల చలి తగలకుండా కింద చాప పరిచి, పొడి బట్టలూ స్లీపింగ్ బ్యాగూ చుట్టి సాయం పిలవండి.

కయాక్, బోర్డు

దుస్తులు గాలి వేడిని చూసి కాదు, నీటి చలిని చూసి వేసుకోవాలి. ఎండ కాస్తున్నా నీరు 12 డిగ్రీలుంటే వెట్‌సూట్ (ఒంటిని బిగుతుగా పట్టి వేడిని నిలిపే రబ్బరు దుస్తు) అవసరం. 15 నుంచి 18 డిగ్రీలకు 3 మిల్లీమీటర్ల మందం నియోప్రీన్ (వెట్‌సూట్ రబ్బరు), 10 నుంచి 15 కి 4 లేదా 5 మిల్లీమీటర్లు, అంతకన్నా చల్లగా ఉంటే నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్, దాని లోపల ఉన్ని. నూలు బట్టలు మాత్రం వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, ఆరడానికి గంటలు పడుతుంది.

లైఫ్ జాకెట్ ఐఎస్ఓ 12402-5 అనే అంతర్జాతీయ ప్రమాణానికి తగినదైతే పెద్దవాళ్లకు 50 న్యూటన్ల తేలుడు బలం ఇస్తుంది. ఇది ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గర్లో సాయం ఉన్నచోటికి సరిపోతుంది. ఈత రానివారికి 100 న్యూటన్లది, మెడ వెనక దిండు ఉన్నది కావాలి. సరిపోయిందో లేదో చూడటం సులువు: కింద నడుము పట్టీ ముందు బిగించి, తర్వాత పక్క పట్టీలు, చివర భుజాలవి బిగించాలి. వెనక నుంచి ఎవరైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగితే జాకెట్ చెవుల దాకా లేవకూడదు. లేచిందంటే వదులైనా అయి ఉండాలి, పెద్ద సైజైనా అయి ఉండాలి. నీళ్లలో పడ్డాక అది ముఖం మీదికి జారి మనిషిని ఇంకా భయపెడుతుంది. పడవలో పక్కన పెట్టుకున్న జాకెట్ లేనట్టే లెక్క. మొదటి నిమిషపు రొప్పులో దాన్ని వేసుకోవడం ఎవరివల్లా కాదు.

గాలి నింపే బోర్డులు కొండల్లో రెండు విధాలుగా ఇబ్బంది పెడతాయి. వీటిని సాధారణంగా 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి పీడనపు కొలత) దాకా నింపుతారు. కొలత చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూపేది కాబట్టి, సముద్రమట్టం దగ్గర 15 కు నింపి 3000 మీటర్ల ఎత్తుకు తీసుకెళితే పీడనం 4 పీఎస్ఐకి పైగా పెరుగుతుంది. అందుకే గాలి తీసేసి తీసుకెళ్లి సరస్సు దగ్గరే నింపాలి. రెండోది ఎండ. చల్లటి పొద్దున నింపిన బోర్డును మధ్యాహ్నం రాళ్ల మీద వదిలేస్తే ఇంకో 3 పీఎస్ఐ పెరిగి అతుకులు విడిపోవచ్చు. విరామంలో నీడలో పెట్టండి, నీడ లేకపోతే రెండు మూడు పీఎస్ఐ వదిలేయండి. అదే పంపు కొట్టిన వేడిమీద నిండుగా కనిపించిన బోర్డు చలినీటిలో పడగానే కాస్త మెత్తబడుతుంది. పది నిమిషాలు తేలనిచ్చి మళ్లీ కొలిచి నింపితే మధ్యలో వంగిపోదు.

బోర్డును కాలికి కలిపే తాడు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సరస్సు మీద చీలమండకు కట్టే తాడు ప్రాణం కాపాడుతుంది: పడిపోతే గాలికి బోర్డు మనకన్నా వేగంగా కొట్టుకుపోతుంది కాబట్టి. అదే తాడు పారే ఏటిలో ప్రాణం తీస్తుంది. బోర్డు బండకు ఒకవైపు, మనిషి మరోవైపు పడితే ప్రవాహం ఇద్దరినీ లాగి తాడును బిగిస్తుంది, ఆ వడిలో వంగి చీలమండను అందుకోవడం కుదరదు. ఏటిలో నడుముకు కట్టుకునే, ఒక్క గుంజుతో ఊడిపోయే పట్టీయే వాడాలి. సరస్సు నుంచి ఏటిలోకి బోర్డుతో వెళ్లేవాళ్లు సరిగ్గా ఆ మూతి దగ్గర ఆగి తాడు మార్చుకోవాలి.

పైన కూర్చునే రకం కయాక్ తిరగబడితే: దాన్ని వదలకండి. అవతలి అంచు అందుకుని లాగి నిటారుగా తిప్పండి. పక్కకు వచ్చి మధ్యభాగం దగ్గర రెండు చేతులూ వేసి, కాళ్లు నీటి పైకి తేలేదాకా గట్టిగా తన్నండి. కాళ్లు పడవ కిందికి వేలాడుతుంటే ఎన్నిసార్లు లాగినా ఎక్కలేరు, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. తేలాక ఒక్క తన్నుతో పొట్ట పడవ మీదికి, తర్వాత వెల్లకిలా తిరిగి పిరుదులు సీట్లోకి, చివర కాళ్లు లోపలికి. దీన్ని నడుము లోతు నీటిలో, ఎండ ఉన్నప్పుడు, కనీసం ఐదుసార్లు చేసి చూసి తర్వాతే లోతుకు వెళ్లండి.

ఏరు చదవడం

పారే నీటి ఉపరితలం అడుగు పటం లాంటిది. నీటి మీద బాణం ఆకారం దిగువకు చూపుతుంటే రెండు రాళ్ల మధ్య లోతైన దారి ఉందని. బాణం మొన ఎగువకు చూపుతుంటే ఆ మొన దగ్గర రాయి ఉందని. రాయి వెనక నీరు ఎదురు తిరిగి నిమ్మళంగా ఆడే చోటు పడవకు విశ్రాంతి తావు. మలుపులో బయటి వైపు నీరు లోతుగా, వడిగా ఉండి గట్టు కింద కోత పడుతుంది. అక్కడే కూలిన చెట్లు ఉంటాయి. లోపలి వైపు లోతు తక్కువగా, మెల్లగా, ఇసుకతో ఉంటుంది. దిగాలన్నా ఆగాలన్నా లోపలి వైపే.

ప్రవాహానికి అడ్డంగా పడ్డ చెట్టు ఏటిలో అన్నిటికన్నా చెడ్డ అడ్డంకి. కొమ్మల మధ్య నుంచి నీరు దూసుకుపోతుంది, మనిషి జల్లెడలో తట్టుకున్నట్టు ఆగిపోతాడు. చిన్న ఆనకట్ట లేదా మత్తడి కింద కూడా అంతే ప్రమాదం: అందంగా, సమంగా దుమికే ఆ నీటి కింద తిరిగే సుడి మనిషిని పైకి రానివ్వదు. ఎత్తు మీటరే కదా అని పడవతో దూకకూడదు, ఒడ్డెక్కి మోసుకుని వెళ్లాలి. ప్రపంచమంతా ఏటి ప్రవాహాల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా కొలుస్తారు. సరస్సు పడవతో, శిక్షణ లేకుండా, ఒకటో తరగతి దాటవద్దు. చలినీరు, దూరపు చోటు అయితే ఏ తరగతినైనా ఒక మెట్టు పెంచి చూడాలి.

పడి కొట్టుకుపోతుంటే నిలబడే ప్రయత్నం చేయకండి. మోకాలు దాటిన వడి నీటిలో పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువకు చూపుతూ నీటి పైకి ఎత్తి, చేతులతో ఒడ్డు వైపు జరగండి. నేల ఒంటికి తగిలేంతగా లోతు తగ్గాకే లేవాలి. ముందు కూలిన చెట్టు తప్పదనిపిస్తే మాత్రం బోర్లా తిరిగి, తల ముందుంచి, దాని వైపు గట్టిగా ఈది మీదికి ఎగబాకాలి. కాళ్లు ముందుగా తగిలితే కిందికి లాగేస్తుంది.

ఒడ్డు మీద ఉన్నవాళ్ల చేతిలో 15 నుంచి 20 మీటర్ల తేలే తాడున్న సంచి ఉండాలి. సంచి మూతి తెరిచి, ఒకటి రెండు మీటర్లు బయటికి లాగి, తాడు కొసను పట్టుకోండి. చేతికి చుట్టుకోవద్దు, ఒంటికి కట్టుకోవద్దు. "తాడు!" అని అరవండి, కొట్టుకుపోతున్న మనిషి చూడగానే, అతని తల మీదుగా అవతల పడేలా విసరండి. వెంటనే కూర్చుని కాళ్లు తన్నిపెట్టండి. తాడును లాగనక్కర్లేదు. ప్రవాహమే అతన్ని గడియారపు లోలకంలా మీ దిగువ ఒడ్డుకు చేరుస్తుంది. అందుకున్న మనిషి వెల్లకిలా ఉండి, తాడును ఛాతీ దగ్గర పట్టుకుని, విసిరినవారికి దూరంగా ఉన్న భుజం మీదుగా పోనివ్వాలి. అప్పుడు ఒళ్లు ఏటవాలుగా తిరిగి ఒడ్డుకు త్వరగా చేరుతుంది. తాడుకు ఎదురుగా బోర్లా పట్టుకుంటే నీళ్లన్నీ ముఖానికే.

ఏరు దాటడం

నీటి వేగం రెండింతలైతే అది కాళ్ల మీద వేసే బలం నాలుగింతలవుతుంది. ఉదయం దాటిన ఏరు సాయంత్రం ఎందుకు దాటలేమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. తిరుగు దారిలో మళ్లీ అదే ఏరు ఉంటే, సాయంత్రం దాటే పథకం వేయకండి. అవతలే రాత్రి ఉండి తెల్లవారుజామున దాటండి.

సన్నగా ఉన్నచోట దాటాలనిపిస్తుంది, అది తప్పు. సన్నగా ఉన్నచోట అదే నీరు లోతుగా, వడిగా పోతుంది. వెడల్పైన చోట, పాయలుగా చీలిన చోట వెతకండి. అరగంట ఎగువకు నడవాల్సి వచ్చినా ఫరవాలేదు. దిగువన కనీసం 100 మీటర్ల దాకా కూలిన చెట్లు, జలపాతం, బండల ఇరుకు లేకుండా ఉండాలి. ఒక పుల్ల వేసి దాని పక్కన నడవండి. అది మీ నడకను మించి పోతుంటే, నీరు మోకాలు దాటుతుంటే దాటవద్దు. అడుగు కనిపించనంత మురికిగా ఉన్నా, రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తున్నా దాటవద్దు.

దాటేటప్పుడు బూట్లు విప్పకండి, మేజోళ్లు మాత్రం తీసి సంచిలో వేసుకోండి. వీపు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ తీసేసి భుజం పట్టీలు వదులు చేయండి. పడితే సంచి వదిలించుకోగలగాలి. భుజమెత్తు కర్రను ఎగువ వైపు ఆనించి, ముఖం ఎగువకు పెట్టి, కొంచెం ముందుకు వాలండి. కర్ర, రెండు కాళ్లు: మూడింటిలో ఎప్పుడూ రెండు నేల మీద ఉండాలి. కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ పక్కకు జరగండి, ఒకదాని ముందు ఒకటి వేయకండి. ప్రవాహంతో గొడవ పెట్టుకోకుండా కొంచెం దిగువకు ఏటవాలుగా సాగండి. చూపు అవతలి ఒడ్డు మీద ఉండాలి, పారే నీటినే చూస్తే కళ్లు తిరుగుతాయి. ముగ్గురు నలుగురు ఉంటే చేతులు పెనవేసుకుని, బలమైన మనిషిని ఎగువన నిలిపి, వరుస ప్రవాహానికి సమాంతరంగా ఉండేలా కలిసి జరగండి. నడుముకు తాడు కట్టుకుని దాటడం చూడటానికి భద్రంగా ఉంటుంది గానీ, పడితే ఆ తాడే నీటి కింద పట్టి ఉంచుతుంది.

గాలం

ముందు అక్కడ చేపలు పట్టడానికి అనుమతి కావాలో, ఏ కాలంలో నిషేధమో తెలుసుకోండి. ట్రౌట్ లాంటి చలినీటి చేపలు ఏరు సరస్సులో కలిసే చోట గుమిగూడతాయి. ఆహారమూ ప్రాణవాయువూ రెండూ అక్కడికే కొట్టుకువస్తాయి. అయితే అక్కడ నీటిలో నడిచేటప్పుడు జాగ్రత్త: ఏరు తెచ్చిన మట్టి అరుగులా పరుచుకుని, దాని అంచున నేల ఒక్కసారిగా పాతాళానికి దిగుతుంది. అంచు మెత్తగా జారుతుంది కూడా. చేపలు ఉండేది ఆ అంచు కిందే; మీరు ఉండాల్సింది అరుగు వెనక, మోకాలి లోతులో.

2 నుంచి 3 కిలోల బలం ఉన్న దారం, 3 నుంచి 7 గ్రాముల తిరుగుడు ఎర చాలు. ఏటిలో చేప ఎగువకు ముఖం పెట్టి ఉంటుంది కనుక దాని వెనక నుంచి వెళ్లి ఎగువకు విసిరి, ప్రవాహం కన్నా కాస్త వేగంగా చుట్టండి. నీడ నీటి మీద పడనివ్వకండి. తిరిగి వదిలేసే ఉద్దేశం ఉంటే ముల్లు వెనక కొక్కెం లేని గాలం వాడి, చేతులు తడుపుకుని, చేపను నీటిలోనే ఉంచి విప్పాలి. పొడి చేతులు దాని ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తాయి. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌ను పట్టకండి. అప్పటికే ప్రాణవాయువు చాలక ఆయాసపడుతున్న చేప, వదిలినా బతకడం కష్టం.

విడిది, తాగునీరు, ఉరుము

గుడారాన్ని నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, ఒడ్డు కన్నా పది ఇరవై మీటర్ల ఎత్తున వేయండి. రాత్రి చల్లగాలి గిన్నెలో నీరులా సరస్సు పల్లంలో నిలుస్తుంది. ఒడ్డునే వేస్తే లోపలి గుడ్డంతా తడిసి ముద్దవుతుంది. ఎండిన ఏటి పాయలో ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ వద్దు. పాత్రలు, ఒళ్లు, బట్టలు సబ్బుతో కడగాలంటే నీరు ముంచుకుని 60 మీటర్ల దూరం వెళ్లాలి. ప్రకృతిలో కరిగిపోయే సబ్బు అని రాసి ఉన్నా అది కరగడానికి మట్టి కావాలి, సరస్సు కాదు. మలవిసర్జనకు కూడా అంతే దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చాలి.

తేటగా ఉన్నంత మాత్రాన కొండనీరు తాగడానికి పనికిరాదు, ఎగువన పశువులూ అడవి జంతువులూ ఉంటాయి. సలసల మరిగాక 1 నిమిషం, 2000 మీటర్లు దాటిన ఎత్తులో 3 నిమిషాలు మరిగించండి. 3000 మీటర్ల దగ్గర నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఈ అదనపు సమయం. బోలు గొట్టాల వడపోత బ్యాక్టీరియానూ పరాన్నజీవులనూ ఆపుతుంది గానీ వైరస్‌లను కాదు. దాన్ని రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. లోపలి తడి గడ్డకడితే గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు, మర్నాటి నుంచి అది వడకట్టదు. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు చలినీటిలో మెల్లగా పనిచేస్తాయి; క్రిప్టోస్పోరిడియం అనే, విరేచనాలు కలిగించే పరాన్నజీవి చావాలంటే 4 గంటలు ఆగాలి.

2500 మీటర్లు దాటితే మొదటి రోజు తలనొప్పి, వికారం రావచ్చు. ఆ రోజు కష్టమైన ఈతలూ పడవ పోటీలూ పెట్టుకోకండి. తగ్గకుండా పెరుగుతుంటే మందుల కన్నా ముందు కిందికి దిగడమే వైద్యం.

మధ్యాహ్నం మబ్బులు కోటల్లా పైకి పెరుగుతుంటే ఉరుము కోసం ఎదురుచూడకుండా ఒడ్డుకు రండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు, అంటే దాదాపు 10 కిలోమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే అప్పటికే ప్రమాద పరిధిలో ఉన్నారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా నీటి దగ్గరికి వెళ్లవద్దు. ఒంటరి చెట్టు, శిఖరం, ఒడ్డు మీది గుడారం ఏదీ రక్ష కాదు. గట్టి కట్టడం, లేదా తలుపులు మూసిన కారు రక్ష. అవి లేకపోతే పల్లపు చోట, ఒకే ఎత్తులో ఉన్న చెట్ల గుంపులో, ఒకరికొకరు దూరంగా ఉండండి.

తిరిగి బయలుదేరే ముందు

పడవ, బోర్డు, బూట్లు, గాలం వల, వెట్‌సూట్ అన్నిటి మీదా అతుక్కున్న నాచు, బురద, నత్తలు తీసేయండి. నీరు పూర్తిగా ఒంపేసి, ఇంటికొచ్చాక ముట్టుకుంటే ఎక్కడా తడి తగలనంతగా ఆరబెట్టి, ఆ తర్వాత ఇంకో రెండు రోజులు అలాగే ఉంచండి. ఒక సరస్సు నాచు, నత్తగుల్లల పిల్లలు తడి బూటు అడుగునే మరో సరస్సుకు చేరతాయి. ఒకసారి పాతుకుంటే వాటిని పీకడం సాధ్యం కాదు. బూటు అడుగున ఉన్న ఊలు పొర, లైఫ్ జాకెట్ లోపలి నురగ చివరిదాకా తడిగా ఉండిపోయే చోట్లు. వాటిని వేళ్లతో నొక్కి చూసి, తడి లేకపోతేనే సంచిలో పెట్టండి.